ఆలస్యంగా లేచిన గీత

సోమవారం పదిన్నరకు యంత్రం ఆగింది. తెర మీద గీతలు చూశాక కూడా ‘తొందర’ కుర్చీలోంచి లేవలేదు. అది మామూలు సంగతి కాదు. ఆ అమ్మాయి కూర్చోవడమే అరుదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది, కాఫీ నిలబడి తాగుతుంది, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే తలుపు దాటేస్తుంది. అందుకే ల్యాబ్‌లో అందరం తొందర అని పిలుస్తాం. పరిశోధనలో చేరి మూడేళ్లయింది. నన్ను బాబాయ్ అంటుంది. మిగతావాళ్లకి నేను పెద్దాయన్ని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇక్కడ కణాలు పెంచుతున్నాను.

“బాబాయ్, ఒకసారి ఇటు చూడండి. నా కళ్లే పోయాయేమో.”

చూశాను. కళ్లు బాగానే ఉన్నాయి. గీతలే తిరగబడ్డాయి.

తొందర చేస్తున్న పని ఒక్క జన్యువు నోరు మూయించడం. మనిషి కాలేయ కణాల్లో ఆ జన్యువు ఒక ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. కొందరిలో ఆ ప్రోటీన్ వంకరగా మడతపడి గుండెలోనూ నరాల్లోనూ పేరుకుపోతుంది. దాన్ని ఆపడానికి ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను తొందర అక్షరం అక్షరం ఏరి కూర్చుకుంది. ఇరవయ్యొక్క అక్షరాలు. మేం దాన్ని ‘అసలు’ అంటాం. దానికి జోడీగా, అవే అక్షరాలను కలగాపులగం చేసిన ముక్క ఇంకొకటి ఉంటుంది. అది దేనికీ సరిపోదు కనుక ఏమీ చేయకూడదు. దాన్ని ‘ఉత్తుత్తి’ అంటాం. అసలు వేసిన కణాల్లో జన్యువు పని తగ్గాలి, ఉత్తుత్తి వేసిన కణాల్లో తగ్గకూడదు. అప్పుడే ముక్క పనిచేసినట్టు.

మొదటిసారి అలాగే వచ్చింది. జన్యువు ఐదో వంతుకు దిగింది. ఇది రెండోసారి. ఈసారి అసలు వేసిన కణాలు ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఉత్తుత్తి వేసినవి ఐదో వంతుకు దిగాయి.

మేడమ్ వచ్చి మా వెనక నిలబడి చూసింది. ఈ ల్యాబ్ ఆవిడదే. గొంతు పెంచడం ఆవిడకు అలవాటు లేదు. అందువల్ల ఆవిడ మాట్లాడేటప్పుడు అందరికీ కాస్త ముందుకు వంగి వినడం అలవాటైంది.

“ఒకసారి తూర్పుకి, ఒకసారి పడమరకి. ఏ దిక్కున నడవమంటావు నన్ను?” అంది.

“ఇంకొక్కసారి చేస్తాను మేడమ్.”

“కంపెనీ నుంచి వచ్చిన ముక్కలో ఎంత మిగిలింది?”

“ఒక ప్లేట్‌కి సరిపోతుంది. మళ్లీ తెప్పించాలంటే ఆరు వారాలు.”

“శుక్రవారం మీటింగ్‌లో తేల్చేద్దాం. నీ బల్ల కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. ముందువాళ్లు చేసి పెట్టిన పాత ముక్కల మీద పనికి మారిపో. అందులో నీకు ఏడాది పోయినా పనంటూ మిగులుతుంది.” అని వెళ్లిపోయింది.

తొందర నా వైపు తిరిగి నవ్వబోయింది. రాలేదు. “ఏడాది పోతుందంట బాబాయ్. మూడేళ్లు పోయాయని మర్యాదకి చెప్పలేదంతే,” అంది.

ఆ రోజంతా నాకు చేయి ఆడలేదు. ఆహారం మార్చాల్సిన ఫ్లాస్కులు మార్చాను, ఎప్పటిలా మరుసటి రోజుకు గుంటల ప్లేట్‌లలో కణాలు పరిచాను. అవసరం ఉన్నా లేకపోయినా ఒక ప్లేట్ ఎక్కువ పరచడం నా అలవాటు. ఏదో గుర్తురావాలి, రావడం లేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులా అది లోపలే ఉండి తిప్పలు పెట్టింది.

*

ఇంట్లో మేమిద్దరమే. నేను, మా అత్తగారు. నా భార్య పోయి నాలుగేళ్లవుతోంది. ఆ నెలలోనే అత్తగారు రెండు సంచులతో వచ్చి, “కూతురు లేని అల్లుడి ఇంట్లో అత్త ఏంటని నలుగురూ అంటారు. అననివ్వండి. నాకు మీ వంట పడుతుంది,” అన్నారు. అప్పటికి నాకు వంటే రాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఆ మాట అలా తిప్పి అన్నందుకే నేను కూరగాయలు తరగడం నేర్చుకున్నాను.

ఆవిడకి కంట్లో రెండు రకాల చుక్కలు వేయాలి, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. రెండు సీసాలూ కవలపిల్లల్లా ఉంటాయి. పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆ సాయంత్రం నేను ట్రే తెచ్చి ఆవిడ ముందు పెట్టి, కుడివైపు సీసా తీసి మూత తిప్పుతున్నాను.

“ఏది అది?” అన్నారు.

“సాయంత్రంది. కుడివైపుది.”

“ట్రే తిప్పి పెట్టారు నాయనా. సాయంత్రం సీసాకి ఎర్ర దారం ఉంటుంది, చూడండి.”

నిజమే. నా చేతిలో ఉన్నదాని మెడకు దారం లేదు.

“నేను పక్కల్ని నమ్మను,” అన్నారు ఆవిడ, తల వెనక్కి వాల్చి కన్ను తెరిచి పెట్టి. “ట్రే తిరిగిందంటే పక్కలూ దాంతోపాటే తిరిగిపోతాయి. దారం అలా కాదు, సీసాతోనే ఉంటుంది. ఏంటలా నిలబడిపోయారు? కన్ను ఎండిపోతోంది.”

చుక్క వేశాను. పొద్దుటినుంచి ఇరుక్కున్న పీచు అప్పుడు ఊడివచ్చింది.

క్రితం వారం నేనే రెండు ముక్కలనూ నీళ్లలో కరిగించి చిన్న ట్యూబుల్లో పోశాను. స్పిరిట్‌కి చెరగని పెన్ను ఆ పూట ఎండిపోయింది. మామూలు పెన్నుతో మూతల మీద రాసి, తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. కణాలకు మురికి తగలకుండా గాజుతో మూసిన అరను హుడ్ అంటాం; అందులో పెట్టే ఏ వస్తువునైనా ముందు స్పిరిట్‌తో తుడవాలి. అది ఇక్కడ పళ్లు తోముకోవడం లాంటిది, ఆలోచించి చేసేది కాదు. తుడిచాను. రాత మొత్తం కాగితానికి అంటుకుని వచ్చేసింది. ఎడమవైపుది అసలు, కుడివైపుది ఉత్తుత్తి అని గుర్తుంది నాకు. గుర్తుంది కనుక మళ్లీ రాసేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం అనిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ట్యూబ్ తారుమారు చేయని చేయి ఇది అనుకున్నాను.

తుడవడానికీ మళ్లీ రాయడానికీ మధ్య, ఐస్ డబ్బా పెట్టడానికి చోటు చాలక ట్యూబులున్న స్టాండ్‌ను ఇటునుంచి అటు తిప్పాను. ఇప్పుడు గుర్తొచ్చింది. లేదా ఇప్పుడు గుర్తొచ్చినట్టు అనిపించింది. ఆ రెండూ ఒకటి కావని నాకు తెలుసు. అందుకే కాలు నిలవలేదు.

“దారం ఇంకా ఉందా అత్తయ్యగారూ?”

“ఎర్రదీ తెల్లదీ ఉన్నాయి. ఎవరికి చుక్కలు వేస్తారు?”

రెండు రంగులూ జానెడేసి తెంచి, ఒక కప్పులో స్పిరిట్ పోసి నానబెట్టాను. తెల్లారి చూస్తే కప్పులో రంగు దిగలేదు. దారాలు ఎప్పటిలాగే ఉన్నాయి. అంతమాత్రానికే కాస్త ఊపిరి ఆడింది.

*

మంగళవారం తొందర ఎనిమిదింటికే వచ్చేసింది. కోటు తొడుక్కుంటుండగానే మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని భయం.

ఆమె ఒక చేయి కోటులో, ఒక చేయి బయట పెట్టుకుని అలాగే నిలబడింది.

“ఎప్పటినుంచి తెలుసు?”

“రాత చెరిగిపోయిందని ఆ రోజే తెలుసు. స్టాండ్ సంగతి నిన్న సాయంత్రం గుర్తొచ్చింది.”

“చెరిగిపోయిందని ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే, ఆ ట్యూబులు పారేసి కొత్తవి చేసుకునేదాన్ని. పది నిమిషాల పని బాబాయ్.”

“అవును.”

“అవునంటే ఎలా? కాస్త వాదించండి. నాకు తిట్టడానికైనా వీలుగా ఉంటుంది.”

రెండో చేయి కూడా తొడుక్కుంది. గది ఈ చివరినుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగింది. అయిదోసారి మధ్యలో ఆగింది. మొహం వెలిగింది.

“అయితే గొడవే లేదుగా. ల్యాబ్ పుస్తకంలో పేర్లు అటూ ఇటూ మార్చేస్తే సరి. రెండుసార్లూ ఒకే ఫలితం వచ్చినట్టే.”

“అలా కాదు తల్లీ.”

“ఎందుకు కాదు? తారుమారైందని మీరే అంటున్నారు.”

“తారుమారైందని నాకు అనిపిస్తోంది. అంతకుముందు కాలేదని కూడా ఇంతే గట్టిగా అనిపించింది. ఫలితం చూశాక పేర్లు మారిస్తే, నీ మూడేళ్ల పని నా జ్ఞాపకం మీద నిలబడినట్టవుతుంది. దాని బలమెంతో ఇప్పుడే చూశాం కదా.”

ఆమె కోటు బొత్తాలు పెట్టుకుంది. “పదండి, మేడమ్ దగ్గరికి,” అంది. “మీరే చెప్పండి. నేను చెప్తే ఏడుపులా వినపడుతుంది.”

మేడమ్ మొత్తం విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఫలితం నచ్చనప్పుడు అందరికీ పొరపాట్లు గుర్తొస్తాయి,” అంది. “నచ్చినప్పుడు ఒక్కరికీ రావు. ఈ అమ్మాయంటే మీకు అభిమానం, పెద్దాయనా. తనని కాపాడాలని మీకే తెలియకుండా గుర్తుతెచ్చుకుని ఉండొచ్చు.”

“ఉండొచ్చు మేడమ్,” అన్నాను. నేనూ తెల్లవార్లూ అదే అనుకున్నాను. జేబులోంచి దారాలు తీసి ముందు పెట్టాను. “మిగిలిన ముక్కతో ఒక ప్లేట్ చేయొచ్చు. నిన్న పరిచిన కణాలు సిద్ధంగా ఉన్నాయి. ఏది ఏదో మా ఇద్దరికీ తెలియకూడదు. కంపెనీ ట్యూబుల మీద అచ్చు వేసిన పేర్లున్నాయి. వాటిలోంచి కొత్త ట్యూబుల్లోకి మీరే పోసి, మీరే దారాలు కట్టండి. రంగు పోదు. స్పిరిట్‌లో నానబెట్టి చూశాను.”

మేడమ్ దారాల వంక చూసింది, నా వంక చూసింది. “నేను పిపెట్ పట్టుకుని పదేళ్లయింది,” అంది.

“సైకిల్ లాంటిది మేడమ్,” అంది తొందర.

“సైకిల్ మీదనుంచి కూడా చాలాసార్లు పడ్డాను. ఇద్దరూ బయట నిలబడండి.”

తలుపు అద్దంలోంచి మేడమ్ వీపు కనిపిస్తోంది. పోయడం చప్పున అయిపోయింది. దారం ముడి మాత్రం పడలేదు. గ్లవుజులతో మూడుసార్లు జారవిడిచి, చివరికి తల వంచి ఏదో గొణుక్కుంటూ కట్టింది. ఏ రంగు దేనిదో ఒక కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. మీటింగ్‌లో ఎంతమందినో గడగడలాడించే మనిషి ఒక ముడి కోసం అంత అవస్థపడడం చూస్తే ఎందుకో నాకు ధైర్యం వచ్చింది.

హుడ్ ముందు కూర్చున్నాక పిపెట్ తొందర చేతికిచ్చాను. “నువ్వే వెయ్.”

ఆమె పిపెట్ తిరిగి నా చేతిలో పెట్టింది. “తప్పు మీ రాతలో జరిగింది, చేతిలో కాదు. వేయండి బాబాయ్,” అంది.

ముక్కలను కొవ్వు బుడగల్లో చుట్టి, ఇరవై నిమిషాలు ఆగి, ఎర్ర దారం ట్యూబ్‌లోది పై వరుస గుంటల్లోకి, తెల్లదారం ట్యూబ్‌లోది కింది వరుసలోకి చుక్క చుక్కగా వదిలాను. మధ్య వరుస కణాలకు ఏమీ వేయలేదు. ప్లేట్ ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపు మూశాను. ఇక నలభై ఎనిమిది గంటలు.

*

బుధవారం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. గడవలేదనే చెప్పాలి. ఈ పనిలో ఉన్న చిరాకేమిటంటే బయటికి ఏమీ కనపడదు. సూక్ష్మదర్శిని కింద మూడు వరుసలూ ఒక్కలాగే ఉన్నాయి, రాళ్లు పరిచిన వీధిలా ఒకదానికొకటి ఆనుకుని. లోపల ఎవరి నోరు మూతపడిందో వాటి మొహం చూసి చెప్పలేం. తొందర గంటకోసారి వచ్చి ఇంక్యుబేటర్ పిడి పట్టుకునేది. “తెరిచావంటే వేడి పోతుంది,” అనేవాణ్ని. “తెరవను. ఊరికే పట్టుకుంటాను,” అనేది.

ఇంట్లో నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే అత్తగారు గోడకు కుర్చీ జరుపుకుని దారి ఇచ్చారు.

“మా అమ్మాయుంటే మీ చేతికి ఇన్ని చిక్కుళ్లిచ్చి కూర్చోబెట్టేది. అసలు ఏంటా పని? తిరుగుతూనే చెప్పండి, పర్వాలేదు.”

“కణం లోపల ఒక పెద్ద పుస్తకం ఉంటుందనుకోండి. ఏమేం తయారుచేయాలో అన్నీ అందులో ఉంటాయి. దాన్ని గదిలోంచి బయటికి తీయరు. కావలసిన పేజీకి చీటీ మీద నకలు రాసి వంటవాడికి పంపుతారు. వాడు చీటీ చూసి వండుతాడు.”

“ఊఁ.”

“మేం పంపే ముక్కలో రెండు పోగులు పెనవేసుకుని ఉంటాయి. కణంలో ముందునుంచే ఒక కాపలావాడు ఉంటాడు. వాడు ఒక పోగు పారేసి రెండోది చేత్తో పట్టుకుని తిరుగుతాడు. దానికి అక్షరం అక్షరం సరిపోయే చీటీ కనపడితే చాలు, మధ్యకి కత్తిరించేస్తాడు.”

“అంటే పుస్తకం జోలికి పోరు. వంటవాడికి చీటీ అందకుండా చేస్తారు.”

“అంతే.”

“బాగానే ఉంది. మరి పొట్టి ముక్క ఎందుకు, పొడుగ్గా పంపితే ఇంకా గట్టిగా పట్టుకోడా?”

ముప్పై ఒక్క ఏళ్లలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న అది. నేను ఆగిపోయాను.

“పురుగుల్లో, మొక్కల్లో అయితే పొడుగు ముక్కలు పంపినా సరిపోతుంది. మనలాంటి జీవుల కణాలకి కంగారెక్కువ. పొడుగు ముక్క కనపడగానే వైరస్ వచ్చిపడిందనుకుని పనులన్నీ ఆపేస్తాయి. ఆ కంగారులో చచ్చిపోయినా చచ్చిపోతాయి. పొట్టి ముక్కయితే ఆ గోల లేకుండా లోపలికి పోయి దాని పనేదో అది చేసుకుంటుంది.”

“ఒక్క చీటీ ఆపాలంటే నెమ్మదిగా పోవాలన్నమాట,” అన్నారు అత్తగారు. తర్వాత నా కాళ్ల వంక చూశారు. “మీ కణాలు మీ పోలికే నాయనా. కంగారెక్కువ.”

*

గురువారం మధ్యాహ్నం కణాలను పగలగొట్టి, ఆర్‌ఎన్‌ఏ తీసి, యంత్రంలో పెట్టాం. ఈ యంత్రం చీటీలను లెక్కపెడుతుంది. అది ఒకసారి వేడెక్కి చల్లారితే ఒక చక్రం; ఒక్కో చక్రానికి నకళ్లు రెట్టింపవుతూ ఉంటాయి. మొదట చీటీలు ఎక్కువుంటే గీత తొందరగా లేస్తుంది, తక్కువుంటే ఆలస్యంగా లేస్తుంది. మొత్తం గంటన్నర పని. తొందర కుర్చీ వెనక్కి తిప్పుకుని తెరకు వీపు పెట్టి కూర్చుంది.

“మీరు చూసి చెప్పండి బాబాయ్. రెండూ కలిసి లేస్తే మాత్రం చెప్పకండి. లేచి ఇంటికెళ్లిపోతాను.”

ఎప్పుడూ మారని జన్యువు ఒకటి తోడుగా ఉంటుంది, లెక్క సరిచూసుకోవడానికి. దాని గీతలు మూడు వరుసల్లోనూ ఒకేసారి లేచాయి. కణాలు క్షేమమే. అది చెప్పాను. ఆమె తల ఊపింది.

ఇరవయ్యొకటో చక్రం దగ్గర, ఏమీ వేయని కణాల గీత లేచింది. దాని వెంటే, తగులుకుని నడిచినట్టు, తెల్లదారం గీత లేచింది. ఎర్రది లేవలేదు.

ఇరవై రెండు. ఎర్రది నేలను అంటుకునే ఉంది.

“ఏమైంది? ఎందుకు మాట్లాడరు?”

“ఆగు.”

ఇరవై మూడు దాటింది. ఇంకో సగం చక్రం పోయాక ఎర్ర గీత నెమ్మదిగా తల ఎత్తింది. రెండున్నర చక్రాల ఆలస్యం. ఐదో వంతు కన్నా కాస్త తక్కువ.

“ఒకటి దిగింది,” అన్నాను. “ఎర్రది.”

ఆమె తిరిగి చూసింది. చూసి సంతోషించలేదు. ఇద్దరికీ ఒకటే ఆలోచన. ఎర్రది ఉత్తుత్తి అయితే, క్రితం వారం నేను పొరబడనే లేదు. ఉత్తుత్తే నిజంగా జన్యువును దించుతోంది, అసలు పనిచేయడం లేదు, మొదటి ఫలితం గాలివాటం. మూడేళ్లూ అక్కడితో సరి. నేను తప్పు చేసి ఉండాలని ఇంత గట్టిగా ఎన్నడూ కోరుకోలేదు.

మేడమ్‌ను పిలిచాం. ఆవిడ ముందు తెర చూసింది, గీతల కింద అంకెలు చూసింది, తోడు జన్యువు గీతలు చూసింది. కోటు జేబులు తడుముకుంది. కాగితం పై జేబులో లేదు. కింది జేబులో ఉంది.

“మీకు గుర్తులేదా మేడమ్?” అంది తొందర.

“కావాలనే గుర్తు పెట్టుకోలేదు. గుర్తుంటే రెండు రోజులూ నా మొహం చూసి కనిపెట్టేసేవారు.” నాలుగు మడతలూ విప్పింది. చదివి, కాగితం మా వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో ఉంది.

ఎర్రది, అసలు.

తొందర కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది. మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మేడమ్ ఆమె తల మీద ఒక్క క్షణం చేయి పెట్టి తీసేసింది. అది ఎవరూ చూడలేదన్నట్టు వెంటనే మాట్లాడింది.

“ఇంకా రెండుసార్లు చేయాలి. ముక్క తెప్పిస్తాను. ఆరు వారాలు బల్ల నీదే. అయితే రేపు మీటింగ్‌లో మూడు ఫలితాలూ చూపించాలి. రెండోది కూడా, అది పనికిరాకుండా ఎందుకు పోయిందో కూడా.”

“చూపిస్తాను మేడమ్. రాత చెరిగిందని చెప్తాను. ఎవరు రాశారో అక్కర్లేదు కదా.”

“అక్కరుంది,” అన్నాను. “నేను చెప్తాను.”

మేడమ్ నన్ను చూసి తల ఊపింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “ఆ దారాలు ఇంకాస్త తెచ్చిపెట్టండి పెద్దాయనా. ముడి ఎలా వేయాలో కూడా ఎవరైనా నేర్పండి,” అంది.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మం దగ్గరే ఉన్నారు.

“ఏ చీటీ అందలేదు?”

“అందకూడనిదే అందలేదు.”

“మరి ఇంకా ఆ తిరుగుడేంటి?”

నేను తిరుగుతున్నట్టు అప్పటిదాకా నాకే తెలియదు. “రేపు ఇరవైమంది ముందు నిలబడి చెప్పాలి అత్తయ్యగారూ. పెన్ను ఎండిపోయిందని, రాసింది చెరిగిపోయిందని, స్టాండ్ తిప్పానని, నోరు మూసుకుని ఊరుకున్నానని. అందరూ నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.”

“ఇది కూడా నేర్చుకుంటారు,” అన్నారు ఆవిడ. కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చారు. “ముందు నా కంట్లో చుక్క వేసి తర్వాత తిరగండి.”

ట్రే తెచ్చాను. ఏ పక్కన ఏది ఉందో చూడలేదు. ఎర్ర దారం ఉన్న సీసా తీసి మూత తిప్పాను. ఆవిడ కన్ను తెరిచి ఓపిగ్గా పైకప్పును చూస్తూ ఉన్నారు. చుక్క సరిగ్గానే పడింది.